జంట మార్కులు

ప్రతినెలా మొదటి సోమవారం ఆ ఆఫీసు నోటీసుబోర్డు మీద ఒక కాగితం అంటించేవారు. అందరూ ఏదో పనుండి అటు పోతున్నట్టు నటిస్తూ వెళ్ళి దాన్ని చూసొచ్చేవారు. త్రాసు మాత్రం వెళ్ళేవాడు కాదు. వెళ్ళాల్సిన అవసరం అతనికి ఉండేది కాదు. పద్నాలుగేళ్ళుగా ఆ కాగితంలో పైవరసలో అతని పక్కన ఉండే మనిషీ మారలేదు, ఆ ఇద్దరికీ ఎదురుగా ఉండే అంకే పెద్దగా మారలేదు. తొంభై ఒకటి. ఒక్కోనెల తొంభై ఉండేది. రెండుసార్లు తొంభై రెండైంది. ఆ రెండు నెలలూ అతను మెట్లు ఎక్కేటప్పుడు కూనిరాగం తీశాడని ప్యూను అందరికీ చెప్పాడు.

త్రాసు అనేది ఆఫీసు పెట్టిన పేరు. ఇవాళ చూసినా, ఏడాది తర్వాత చూసినా ఒక కాగితానికి అతను వేసే అంకె ఒక్కటేనని అలా పిలిచేవారు. పిలుపులో వెటకారం కొంచెం, గౌరవం ఎక్కువ. అతను మాత్రం రెండోదాన్నే విన్నాడు.

వాళ్ళ పని చెబితే బయటివాళ్ళకు వింతగా ఉండేది. పెద్ద వయసులో ఇక్కడి భాష నేర్చుకున్నవాళ్ళు పరీక్షలో ఒకటిన్నర పేజీ రాస్తారు. డ్రైవర్లు, వంటవాళ్ళు, నర్సులు, పిల్లల్ని పెంచి ఇప్పుడు పుస్తకం పట్టినవాళ్ళు. పేరు తీసేసి, నంబరు వేసి, ఆ కాగితాలు ఇక్కడికి పంపుతారు. తప్పులు దిద్దడం వీళ్ళ పని కాదు. రాసిన సంగతి మంచిదా చెడ్డదా చెప్పడమూ కాదు. ఆ మనిషి తనది కాని భాషలో ఎంత చిక్కటి వాక్యం కట్టగలడో కొలవాలి, అంతే. పెన్సిలు పట్టుకుని కాగితాన్ని ముక్కలు కొయ్యాలి. ఒక తల్లివాక్యం, దాని చెయ్యి పట్టుకుని నడిచే పిల్లవాక్యాలు, ఇవన్నీ కలిసి ఒక ముక్క. ముక్కకు ఎన్ని మాటలు, తల్లికి ఎందరు పిల్లలు, లెక్క రాసుకోవాలి. ఆ లెక్కను పక్కన పెట్టుకుని మొత్తం మళ్ళీ చదివి, ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక మెట్టు వెయ్యాలి. ఆ మెట్టును బట్టి రాసినవాళ్ళకు ఉద్యోగమో, పై చదువో.

ఒక కాగితాన్ని ఇద్దరు చూస్తారు, వేరువేరు గదుల్లో, ఒకరికి తెలియకుండా ఒకరు. ఇద్దరూ ఒకే మెట్టు వేస్తే 'కలిసింది' అంటారు. ఒక్క మెట్టు తేడా వస్తే 'ఆనుకుంది'. అంతకు మించితే 'విడిపోయింది'. అప్పుడు మూడో మనిషి చూడాలి. నూటికి ఎన్ని కలిశాయో, అదే బోర్డు మీది అంకె.

"ఇది ఆఫీసా, పెళ్ళిళ్ళ పేరయ్య ఇల్లా?" అని కొత్తవాళ్ళందరూ మొదటివారం నవ్వేవారు. త్రాసు ఆ నవ్వులో ఎప్పుడూ కలవలేదు.

అతని జంట పక్కగదిలో కూచునేది. అతనికన్నా పన్నెండేళ్ళు చిన్న. కట్టలకు క్లిప్పులు పెట్టకుండా తెల్లదారంతో ముడేసేది గనక ఆమెను దారం అనేవారు. ఆమె అతన్ని "మాస్టారూ" అనేది, అతను "అమ్మా" అనేవాడు. పద్నాలుగేళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నది వానల గురించి, ఆమె పిల్లల జ్వరాల గురించి, అతని అక్కగారి మోకాలి నొప్పి గురించి. కాగితాల గురించి ఒక్క మాట లేదు. అది నిషేధం. అయినా తనను ఆమెకన్నా బాగా ఎరిగినవాళ్ళు ఈ భూమ్మీద లేరని అతని నమ్మకం. ఇద్దరు మనుషులు రెండు గదుల్లో ఒకే కాగితం చదివి, ఒకే చోట తటపటాయించి, ఒకే అంకె దగ్గర ఆగడం! దీనికన్నా దగ్గరితనం మొగుడూ పెళ్ళాల మధ్యనైనా ఉంటుందా అనుకునేవాడు. పెళ్ళి చేసుకోలేదు గనక అలా అనుకోవడం అతనికి సులువు.

ఆ సోమవారం అతన్ని బోర్డు దగ్గరికి పిలిచింది ప్రూఫులాయన. కొత్తగా చేరాడు. అంతకుముందు రైళ్ళ వేళల పుస్తకానికి ప్రూఫులు దిద్దేవాడట. ముప్పై దాటిన మనిషి, కాగితం చదువుతూ బయటికి నవ్వుతాడు. ఒకసారి ముక్కు చీదుకోవడం కూడా వినిపించింది.

"మాస్టారూ, మీరు చూడలేదా? రండి, రండి. కొత్తకోడలికి ఎన్ని మార్కులొచ్చాయో చూద్దురుగాని."

కాగితం అడుగున, శిక్షణలో ఉన్నవాళ్ళ వరసలో, దారం పక్కన ప్రూఫులాయన ఉన్నాడు. ఇద్దరూ కలిసి చూసినవి నలభై కాగితాలు. ఎదురుగా తొంభై ఐదు.

"నలభయ్యే కదా, గాలివాటం అయ్యుంటుంది" అన్నాడు త్రాసు.

"నేనూ అదే అన్నానండీ ఆవిడతో. 'గాలి బాగుంది' అందావిడ."

అని ప్రూఫులాయన నవ్వాడు. అందులో ఎకసెక్కం లేదు. అదే త్రాసుకు ఎక్కువ మంటెత్తించింది. గెలిచానని తెలియకుండా గెలిచినవాణ్ణి ఏమని తిట్టాలి?

ఆ మధ్యాహ్నం సెక్షను చూసే కళ్ళజోడు మేడం అందర్నీ పిలిచి చెప్పింది. వచ్చే ఏడాది జంటలు నెలాఖరుకు ఖాయం చేస్తారు. చివరి కట్టలోని అరవై కాగితాలనూ త్రాసు, దారం, ప్రూఫులాయన ముగ్గురూ చూడాలి. ఎవరితో ఎవరు బాగా కలిస్తే వాళ్ళు జంట.

ఇంట్లో అక్క గుండీలు కుడుతోంది. దర్జీ దుకాణాలవాళ్ళు చొక్కాలు తెచ్చి పడేస్తే కాజాలు తీసి, గుండీలు కుట్టి ఇచ్చేది. టేపు వాడదు. కంటితో చూసి గుడ్డ మీద గోటితో గీత గీస్తుంది, అది గురి తప్పదు.

"ఏంట్రా, మొహం అలా వేలాడేసుకొచ్చావ్? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు."

"మరి ఎవరైనా వచ్చారా?"

అక్క దారం కొరికి, సూది దిండుకు గుచ్చింది.

"వచ్చారన్నమాట. ఆడా, మగా?"

"మగ. మా అమ్మాయికీ వాడికీ తొంభై ఐదు కలిసిందట."

"మీ అమ్మాయేంట్రా? ఆవిడకు మొగుడున్నాడు, ఇద్దరు పిల్లలున్నారు. వాళ్ళాయనే కుళ్ళుకోడు, మధ్యలో నీకెందుకు?"

"నువ్వు అర్థం చేసుకోవక్కా. అది వేరు."

"అన్నీ వేరే. కడుపుమంట మాత్రం అందరిదీ ఒక్కటే. అన్నం తిను, చల్లారుతుంది."

చల్లారలేదు. మర్నాటి నుంచి అతనికి కాగితాలు కనిపించడం మానేశాయి. కాగితం ముందుంటే, దాని వెనక దారం కనిపించేది. ఈ వాక్యం దగ్గర ఆమె కనుబొమ్మ ఎత్తి ఉంటుందా? ఈ పిల్లవాక్యం తల్లి నుంచి జారిపోయింది, ఆమె దీన్ని లెక్కలోకి తీసుకుంటుందా, వదిలేస్తుందా? మధ్యగోడ పలచన. అవతల పేజీ తిరిగిన చప్పుడు వినిపిస్తే, ఆమె ఎక్కడిదాకా వచ్చిందో లెక్కేసేవాడు. కుర్చీ కిర్రుమంటే, వెనక్కి వాలిందంటే, ఏడో ఎనిమిదో వేసింది అనుకునేవాడు. టీ గదిలో ఆమె, ప్రూఫులాయన మాట్లాడుకుంటుంటే నీళ్ళకోసం వచ్చినట్టు వచ్చి, గ్లాసు నిండి పొర్లేదాకా కుళాయి దగ్గర నిలబడేవాడు. వాళ్ళు మాట్లాడుకున్నది ఒకరోజు చెప్పుల దుకాణం గురించి. ఒకరోజు ప్రూఫులాయన మామగారి గురక గురించి. ఏమీ దొరకలేదు. దొరకకపోవడంతో అనుమానం ఇంకాస్త పెరిగింది. మాటల్లో లేనిది అంకెల్లో ఉందన్నమాట. తనకూ ఆమెకూ మధ్య ఉన్నదీ అలాంటిదేగా!

ఒక్కటి మాత్రం అతను తనకు తాను గట్టిగా చెప్పుకున్నాడు. దారం సంగతి నాకు తెలుసు. ఆమె లెక్క మనిషి. పైపై మెరుపులకు పడదు. ముక్కలు పొట్టిగా ఉంటే కింద మెట్టే వేస్తుంది, ఎవరు ఏడ్చినా సరే. పద్నాలుగేళ్ళు చూశాను. ఆమె ఎలా చూస్తుందో అలా చూస్తాను. కలవకుండా ఎక్కడికి పోతుంది?

ముప్పై ఏడో కాగితం అరవైలో సగం దాటాక వచ్చింది. ఇచ్చిన అంశం 'మీరు చేసిన ఒక పొరపాటు'. రాసినామె ఆస్పత్రి బట్టలు ఉతికేచోట పనిచేస్తుంది.

'నేను గౌన్లు ఉతికాను. నీళ్ళు వేడిగా ఉన్నాయి. ఒక గౌనుకు జేబు ఉంది. జేబులో ఉత్తరం ఉంది. అది తడిసింది. నేను చదవలేదు. అప్పుడు నాకు ఈ భాష రాదు.'

పేజీ అంతా ఇలాగే ఉంది. ముక్కకు నాలుగు మాటలు, తల్లులందరూ గొడ్రాళ్ళు. రెండో పేజీలో, ఎవరూ పిలవకుండా, ఒక వాక్యం లేచి నిలబడింది.

'ఇప్పుడు చదవగలిగిన నేను, ఆ ఉత్తరం ఎవరు ఎవరికి రాశారో, అది చేరి ఉంటే ఎవరు ఎవరి దగ్గరికి వచ్చి ఉండేవారో ఇక తెలుసుకోలేనని తెలిసినా, ఉతికే ముందు ప్రతి జేబులోనూ చెయ్యి పెట్టి చూస్తాను.'

తర్వాత మళ్ళీ రెండే మాటలు. 'ఖాళీగా ఉంటాయి.'

త్రాసు ఆ వాక్యం మళ్ళీ చదివాడు. ఈమెకు రాక కాదు పొట్టిగా రాసింది. కట్టడం వచ్చి, కట్టకుండా ఉంది. అవసరమైన ఒక్కచోట కట్టింది. ఏడు, అనుకున్నాడు. పెన్సిలు దానంతట అదే గడి మీదికి వెళ్ళింది. అవతలి గదిలో పేజీ తిరిగింది. పెన్సిలు ఆగిపోయింది. దారం ఏం వేస్తుంది? ఒక్క వాక్యం కోసం ఆమె ఏడు వెయ్యదు. సగటు చూస్తుంది. ఈ ఏడు ప్రూఫులాయన మెట్టు. ముక్కు చీదుకునేవాళ్ళ మెట్టు.

ఐదు వేశాడు. వేశాక అంకె మీద మళ్ళీ ఒకసారి గట్టిగా దిద్దాడు, ఎవరో చెరిపేస్తారన్నట్టు.

నెలాఖరున కళ్ళజోడు మేడం అతన్ని గదిలోకి పిలిచి, కాగితం అతనివైపు తిప్పింది. దారం, ప్రూఫులాయన: తొంభై ఐదు. దారం, త్రాసు: అరవై ఎనిమిది. పదకొండు కాగితాలు విడిపోయాయి.

"మాస్టారూ, ఒంట్లో బాగుంటోందా? కళ్ళు చూపించుకున్నారా ఈమధ్య?"

"బాగానే ఉంది మేడం."

"మీ లెక్క తప్పడం నేను చూళ్ళేదు. అందుకే అడిగాను. రూలు ప్రకారం వాళ్ళిద్దర్నీ జంట చెయ్యాలి. అయితే మీరు సీనియరు. పాత జంటను విడదీయొద్దని మీరు రాసిస్తే నేను కాదనను. శుక్రవారం లోపు చెప్పండి."

అతను తిన్నగా టీ గదికి వెళ్ళాడు. దారం ఒక్కతే ఉంది. కప్పు కడుగుతోంది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి అతను నిషేధం దాటాడు.

"అమ్మా, ముప్పై ఏడుకి ఎంత వేశావు?"

ఆమె తలుపువైపు చూసింది. "ఆ జేబుల కాగితమా? ఏడు."

"ఏడా?"

"మీరూ ఏడే వేసుంటారనుకున్నా మాస్టారూ. ఐదని మేడం చెబితే ఆశ్చర్యపోయా. ఎందుకు వేశారు ఐదు?"

"నువ్వు ఐదు వేస్తావని."

ఆమె కప్పు కింద పెట్టింది. నవ్వబోయి, అతని మొహం చూసి ఆపుకుంది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అయితే మీకు చెప్పాలి. తప్పుగా అనుకోకండి. నేను చేరిన ఏడాది, ఎనభైకి తగ్గితే తీసేసేవారు, గుర్తుందా? చిన్నాడు అప్పుడు కడుపులో ఉన్నాడు. భయమేసింది. కాగితం చూసి నాకేమనిపించిందో పక్కన పెట్టేదాన్ని. శిక్షణలో చూపించిన మీ పాత కాగితాలు గుర్తుచేసుకుని, మాస్టారు ఎంత వేస్తారు, అని ఆలోచించి అది వేసేదాన్ని. మీరు మారరు కదా. మారనివాళ్ళతో కలవడం ఎంతసేపు?"

"ఒక ఏడాది సరే."

"తర్వాత అలవాటైపోయింది మాస్టారూ. నాకే తెలీలేదు. మొన్న ఆ నలభై కాగితాలు కొత్తాయనతో ఇచ్చారు చూడండి, ఆయన ఎంత వేస్తాడో నాకేం తెలుసు? విధిలేక కాగితాన్నే చూశా. ఎన్నాళ్ళయిందో అలా చూసి! అరవైలోనూ అలాగే చూద్దామనిపించింది. మీతో కూడా కలుస్తుందిలే అనుకున్నా."

దారం లెక్క మనిషి, పైపై మెరుపులకు పడదు, పొట్టి ముక్కలకు కింద మెట్టు. ఇదంతా ఎవరి గురించి? ఏనాటి తన పద్ధతినో ఆమె భద్రంగా పట్టుకుని నడిస్తే, వెనక్కి తిరిగి చూసి అది ఆమె అనుకున్నాడు. తనకు అనిపించిన ఏడు దగ్గర ఆగి ఉంటే, అది మొదటిసారి నిజంగా కలిసి ఉండేది. మొదటిసారి! ఆ మాట అతని లోపల ఎక్కడో ముల్లులా దిగింది. ఆ ప్రూఫులాయనకు నలభై కాగితాల్లో దొరికింది తనకు పద్నాలుగేళ్ళలో దొరకలేదు. తనది తొంభై ఒకటి కాదు. తనది సున్నా.

"మనసు కష్టపెట్టానా మాస్టారూ?"

"లేదమ్మా" అన్నాడు. ఈ జవాబును కూడా ఆమె ముందే ఊహించి ఉంటుందని ఆ వెంటనే తట్టింది.

అక్కకు చెప్పాడు, ఉన్నదున్నట్టు. ఆమె చొక్కా ఒళ్ళో పెట్టుకుని విన్నది.

"మీ బావ గుర్తున్నాడా? ఏ చొక్కా కుట్టిచ్చినా 'ఆహా, ఎంత బాగుందే' అనేవాడు. వేసుకుని ఆఫీసుకు పోయేవాడు. ఆయన పోయాక ఆఫీసు బీరువాలో సామాను తెచ్చిచ్చారు. అందులో దుకాణంలో కొన్న చొక్కాలు ఆరున్నాయి. రోజూ పోయి అక్కడ మార్చుకునేవాడట. నాది కాలరు బిగువట."

"నీకెలా అనిపించింది?"

"చచ్చినవాణ్ణి మళ్ళీ చంపుదామనిపించింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి 'బిగువుగా ఉందే' అనుంటే వదులు చేసేదాన్ని కాదూ? నువ్వు ఆ పిల్లను వదిలెయ్యరా. హాయిగా పనిచేసుకోనీ."

అక్క చెప్పింది సబబని అతనికి తెలుసు. బుధవారమంతా తెలుసు. గురువారం మధ్యాహ్నం దాకా తెలుసు. గురువారం మధ్యాహ్నం గోడ అవతల ఇద్దరూ ఒకేసారి నవ్వారు. చెప్పుల దుకాణమో, మామగారి గురకో. అతను డ్రాయరులోంచి తెల్లకాగితం తీసి, పాత జంటను విడదీయవద్దని తన అభిప్రాయమని, పరీక్ష నాణ్యత దృష్ట్యా ఇది అవసరమని, ఒక తల్లికి ముగ్గురు పిల్లలున్న నిండైన వాక్యం రాసి సంతకం పెట్టాడు.

ప్రూఫులాయన్ను పై అంతస్తులో వేరొకరికి జత చేశారు. పోతూ పోతూ ఇతని గదిలోకి తొంగిచూసి, "విడాకులిప్పించారుగా మాస్టారూ! ఉండండి, మనోవర్తి అడుగుతా" అని నవ్వి వెళ్ళాడు. ఏమీ పట్టించుకోని మనిషి. పై అంతస్తులో కూడా నవ్వుతూనే ఉంటాడు.

దారం మొదటిరోజు కట్ట అందుకుంటూ, "సరే మాస్టారూ" అంది. అంతే.

మరుసటి నెల మొదటి సోమవారం త్రాసు అందరికన్నా ముందు బోర్డు దగ్గరికి వెళ్ళాడు. నూరు కాగితాల్లో తొంభై ఏడు. ఆ ఆఫీసులో అంతవరకు ఎవరికీ రాని అంకె. కళ్ళజోడు మేడం స్వయంగా వచ్చి చెయ్యి కలిపింది. "చూశారా, నేను చెప్పలా, కళ్ళలోనే ఏదో ఉండుంటుంది" అంది. ప్యూను టీ తెచ్చి, అడక్కుండానే ఇంకో చెంచా చక్కెర వేశాడు. త్రాసు ఆ అంకెను చూస్తూ నిలబడ్డాడు. ఆ మిగిలిన మూడు ఏవై ఉంటాయి? ఎక్కడ ఆమె తనను ఊహించలేకపోయింది? లేక ఎక్కడ ఒక్క క్షణం ఊహించడం మరిచిపోయి కాగితాన్ని చూసింది? ఆ మూడు కాగితాలను చూడాలని అతనికి దాహంలాగా అనిపించింది. విడిపోయి ఉంటే వాటిని చూసిన మూడో చదువరి ఎవరోనని, ఎప్పుడూ చూడని ఆ మనిషి మీద కూడా అసూయ పుట్టింది.

మధ్యాహ్నం ఒక కాగితం వచ్చింది. లిఫ్టు నడిపేవాడు రాశాడు, ఎక్కేవాళ్ళ ముఖాలకు, దిగేవాళ్ళ ముఖాలకు తేడా గురించి. బాగుందో లేదో త్రాసుకు తెలియలేదు. నాలుగో ఆరో తేలలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత అతనికి ఏ అంకే తోచలేదు. కాగితం పట్టుకుని లేచి, వరండా దాటి, పక్కగది తలుపు తోశాడు.

దారం తలెత్తింది. ఆమె ముందు కూడా అదే కాగితం ఉంది. గడి ఖాళీగా ఉంది.

"అమ్మా, రూలు సంగతి తర్వాత. దీని మీద నీకేమనిపించిందో చెప్పు. నాకోసం కాదు, ఉద్యోగం కోసం కాదు. ఊరికే, నీకేమనిపించిందో అది."

ఆమె కాగితంవైపు చూసింది, అతనివైపు చూసింది. ఎంతో మర్యాదగా, ఏ మాత్రం కోపం లేకుండా, పెన్సిలు సర్దుకుని పట్టుకుంది.

"మీకేమనిపించింది మాస్టారూ?"